పాఠం చెప్పేశాం, మరి పిల్లలకు వచ్చిందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జీవశాస్త్రం గురించే. 31 ఏళ్లు హైస్కూల్లో ఆ సబ్జెక్టు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి సంపాదకులు ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పాఠం బాగా చెబుతానని పిల్లలే అంటారు. బోర్డు మీద బొమ్మలు వేస్తాను, కథలాగా చెబుతాను. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. తీరా పేపర్లు దిద్దితే సగం మందికి అత్తెసరు మార్కులు. లోపం నా పద్ధతిలో ఉందా, పిల్లల్లో ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి పదేళ్లూ కళ్లముందు తిరిగాయి. నేనూ బాగా చెప్పే టీచర్నే. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ఆ నిశ్శబ్దం చూసి పిల్లలు నేర్చేసుకుంటున్నారని మురిసిపోయేదాన్ని.

ఒక ఏడాది కిరణజన్య సంయోగక్రియ మూడు పీరియడ్లలో ముగించి చిన్న పరీక్ష పెట్టాను. మొదటి ప్రశ్న సమీకరణం రాయమని. దాదాపు అందరూ తప్పు లేకుండా రాశారు. రెండోది పుస్తకంలో లేని ప్రశ్న: "చిన్న మొక్క ఐదేళ్లలో చెట్టయింది. పెరిగిన ఆ బరువంతా ఎక్కణ్ణుంచి వచ్చింది?" నలభై మందిలో గాలి పేరెత్తినవాళ్లు ఐదారుగురు. మిగతావాళ్లంతా మట్టి, ఎరువు, వేళ్లు అని రాశారు. పై వరుసలో కార్బన్ డయాక్సైడ్ అని తమ చేత్తోనే రాసి, కింది వరుసలో మట్టి అన్నారు! ఆ రాత్రి నాకు పిల్లల మీద ఒళ్లు మండింది. రెండు రోజులు పోయాక గానీ ఆ కోపం పడాల్సింది నా మీదని తెలియలేదు.

మట్టిని తిని మొక్క పెరుగుతుందన్నది వాళ్లు క్లాసులోకి వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్న నమ్మకం. నేను దాన్ని బయటికి లాగలేదు, నిలదీయలేదు. దాని పక్కన సమీకరణం పెట్టి ఊరుకున్నాను. రెండూ పలకరించుకోకుండా ఒకే బుర్రలో వేరు కాపురాలు పెట్టాయి.

మరుసటి ఏడు వరుస మార్చాను. ముందు ప్రశ్న. ఎవరి ఊహ వాళ్లు చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. ఆ తర్వాత వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త సంగతి సగం వరకే చెప్పాను. 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడాయన. ఆ లెక్క ఆయన పోయాక 1648లో అచ్చయింది. చెట్టు 169 పౌండ్లకు చేరింది. "మట్టి ఎంత తగ్గి ఉంటుంది?" అని అడిగి ఆగాను. వంద పౌండ్లు అన్నారు, నూట యాభై అన్నారు. తగ్గింది సుమారు 2 ఔన్సులు, అంటే 57 గ్రాములకు అటూ ఇటూ. చెప్పగానే క్లాసంతా గోల. "అయితే నీళ్లే టీచర్!" అన్నారు. హెల్మాంట్ కూడా సరిగ్గా అదే అనుకున్నాడు. తప్పే, కానీ ఆలోచించి చేసిన తప్పు. కట్టె పూర్తిగా కాలకుండా మిగిలిన నల్లటి బొగ్గులో ఎక్కువగా ఉండేదేమిటి అన్నాను. కార్బన్ అన్నారు. నీళ్లలో కార్బన్ ఉందా? లేదు. మట్టేమో తగ్గలేదు. మరి? చాలాసేపటికి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి సందేహంగా "గాలా?" అంది. అప్పుడు రాశాను సమీకరణం. అదే సమీకరణం, అవే మూడు పీరియడ్లు. యూనిట్ పరీక్షలో ఆ బరువు ప్రశ్నకు సగానికి పైగా సరిగ్గా రాశారు. అందరూ రాశారని చెబితే అబద్ధమవుతుంది.

నా ఒక్క క్లాసు సంగతి పక్కన పెట్టండి. 2014లో స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు సైన్సు, గణితం, ఇంజనీరింగ్ తరగతుల మీద వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. పిల్లలు తామే ఆలోచించి, చర్చించి, రాసే తరగతుల్లో పరీక్ష మార్కులు సగటున 6 శాతం దాకా పెరిగాయి. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో పరీక్ష తప్పే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉంది. అవి కాలేజీ తరగతులు, మనది హైస్కూలు, ఆ తేడా మర్చిపోకూడదు. ఇంకో మాట కూడా. దీన్ని పట్టుకుని "ఇక పాఠం చెప్పను, వాళ్లే కనుక్కోవాలి" అనుకోకండి. కొత్తగా నేర్చుకునేవాళ్లను దారి చూపకుండా వదిలేస్తే నష్టమే ఎక్కువని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. నా అనుభవమూ అదే. పైన చెప్పిన పాఠంలో అడుగడుగునా దారి వేసింది నేనే. నడిచింది మాత్రం వాళ్లు.

కాబట్టి మీరు కథలు మానకండి, బొమ్మలు మానకండి. పది నిమిషాలకోసారి ఆగి, ఊహించి రాయాల్సిన ప్రశ్న ఒకటి వేయండి. అడిగాక నోరు కట్టుకోండి. ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతులు రికార్డు చేసి వింటే, టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ ఒక్క సెకను మూడు సెకన్లయితే చాలు, జవాబుల పొడవు పెరిగింది, నోరు విప్పనివాళ్లు తగ్గారు. నేను మొదట్లో బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక "అర్థమైందా?" అన్న ప్రశ్న మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. దానికి తలూపడం తప్ప పిల్లలకు ఇంకో జవాబు మనం నేర్పలేదు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బయాలజీ పుస్తకం నాలుగైదుసార్లు చదువుతుంది, రంగురంగుల పెన్నులతో గీతలు గీస్తుంది. ముందు రోజు రాత్రి అన్నీ వచ్చంటుంది. పరీక్ష హాల్లో కూర్చుంటే ఏమీ గుర్తు రావట్లేదట. నాకు సైన్సు రాదు, ఎలా సాయం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టడం వేరు, కళ్లు మూసుకుని ఆ ముఖాన్ని గీయడం వేరు. పరీక్ష అడిగేది రెండోది.

2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం ఒకటి ఉంది. ఒక గుంపు పాఠాన్ని చదివి మళ్లీ చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, కాగితం మూసేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, 81 శాతం, 75 శాతం. వారం పోయాక అడిగితే లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే మిగిలింది, మూసి రాసినవాళ్లకు 56. ముందు రోజు రాత్రి "వచ్చింది" అనిపించేది ఆ 81 అన్నమాట.

ఇక్కడే నా తప్పొకటి ఒప్పుకోవాలి. పుస్తకం తెరిచి పెట్టుకుని, మాటలను గీతలతో కలుపుతూ భావనల పటాలు వేయించడం నాకు చాలా ఇష్టం. ఏళ్ల తరబడి వేయించాను, గోడలన్నీ నింపాను. 2011లో కార్పికె, బ్లంట్ సైన్సు పాఠాలతోనే ఈ రెండు పద్ధతులను పోల్చారు. పుస్తకం చూస్తూ పటం వేసినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లకు వారం తర్వాత మార్కులు ఎక్కువ వచ్చాయి. కారణాలు చెప్పమనే ప్రశ్నల్లో కూడా. అది చదివాక పటాలు మానలేదు గానీ, పుస్తకం మూయించి వేయించడం మొదలుపెట్టాను.

మీకు సైన్సు రాకపోవడం నిజానికి మంచిదే. సగంలో అందుకుని మీరే చెప్పేసే ప్రమాదం ఉండదు. "చదివేశానమ్మా" అనగానే పుస్తకం మీ చేతిలోకి తీసుకోండి. ఒక తెల్ల కాగితం ఇచ్చి, "శరీరమంతా తిరిగొచ్చిన రక్తపు చుక్క మళ్లీ శరీరంలోకి బయల్దేరేదాకా ఏ దారిన పోతుందో రాయి" అనండి. రాసింది మీరు పుస్తకంతో పోల్చి చూడొచ్చు: కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. మొదటిసారి మధ్యలో ఆగిపోతుంది, విసుక్కుంటుంది, "నాకేమీ రాదు" అంటుంది. అననివ్వండి. తప్పినచోటే చూసుకుని, రెండు రోజుల తర్వాత మళ్లీ, వారం తర్వాత మళ్లీ. రంగు పెన్నులు కొత్తవి అడిగితే కొనివ్వండి, గొడవ పడకండి. వాటివల్ల నష్టం లేదు, మార్కులు మాత్రం రావు.

ప్రశ్న: మా స్కూల్లో ప్రతి సైన్సు గదికీ ప్రొజెక్టర్ పెట్టించాను. గుండె, కిడ్నీ, కణవిభజన అన్నిటికీ యానిమేషన్లు ఉన్నాయి. పిల్లలు ఎంతో ఇష్టంగా చూస్తున్నారు. మార్కుల్లో మాత్రం చలనం లేదు.
– ఒక ప్రధానోపాధ్యాయుడు

జవాబు: ఇష్టంగా చూస్తున్నారు, అంతే కదండీ. నాలుగు నిమిషాల యానిమేషన్‌లో ఆలోచించే పనంతా దాన్ని తయారుచేసినవాడు చేసేశాడు. ఎడమ జఠరిక ముడుచుకోబోయే క్షణంలో బొమ్మను ఆపించండి. "ఇప్పుడు ఏ కవాటం మూసుకుంటుంది? మూసుకోకపోతే రక్తం ఎటు పోతుంది?" అని చీటీల మీద రాయించి, అప్పుడు నడిపించండి. అదే వీడియో వేరే పాఠమవుతుంది.

ప్రొజెక్టర్ లేని రోజుల్లో నాకు గుండె పాఠానికి గోడ గడియారం ఒక్కటే ఉండేది. పిల్లలు మణికట్టు మీద నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టేవాళ్లు. సగం మందికి మొదట దొరకదు, ఆ వెతుకులాటే ఐదు నిమిషాలు. 72 వచ్చిందనుకోండి. ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లని చెప్పి, గంటకెంతో గుణించమనేదాన్ని. 302 లీటర్లు వస్తుంది. తప్పు చేశామనుకుని కొట్టేసి మళ్లీ చేసేవాళ్లు. "మన ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు కదా టీచర్, ఇంత ఎక్కణ్ణుంచి వస్తోంది?" 1628లో విలియం హార్వే అనే వైద్యుడు అడిగింది ఈ ప్రశ్నే. తిన్నదాంతో కాలేయం రక్తం తయారుచేస్తుందని, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయని అప్పటిదాకా అనుకునేవాళ్లు. హార్వే వేసుకున్న అంకెలు మనవాటి కంటే చాలా చిన్నవి, అయినా అరగంటలో వచ్చే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోయింది. కాబట్టి అదే రక్తం తిరిగి తిరిగి రావాల్సిందే. ఆ గుణకారం స్వయంగా చేసిన పిల్లవాడికి "రక్త ప్రసరణ" అనే మాట బట్టీ పట్టాల్సిన పని లేదు.

ప్రశ్న: ఈ ఏడే ఉద్యోగంలో చేరాను. గ్రూపులుగా కూర్చోబెట్టి ప్రయోగాలు చేయిస్తే ఒకరు చేస్తారు, నలుగురు కబుర్లు చెబుతారు. సిలబస్ వెనకబడింది. పైగా పిల్లలే "మేడమ్, మీరే చెప్పేయండి, అలాగే బాగా అర్థమవుతుంది" అంటున్నారు. మళ్లీ మామూలుగా పాఠం చెప్పడమే మంచిదా?
– కొత్త టీచర్

జవాబు: అమ్మాయీ, ముందు ఆ చివరి మాట సంగతి. హార్వర్డ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రం తరగతుల్లో చేసిన పరిశీలన 2019లో వచ్చింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే, తామే కుస్తీ పట్టినవాళ్లకు ఎక్కువ వచ్చింది. కష్టపడుతున్నప్పుడు రావట్లేదనిపిస్తుంది, తేలిగ్గా సాగితే వచ్చేసిందనిపిస్తుంది. ఈ సంగతి నీ క్లాసుకు ముందే చెప్పు. పిల్లలు అర్థం చేసుకుంటారు, మనమే వాళ్లకు చెప్పం.

ప్రయోగం చేయించినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు. ఉల్లి పొర స్లైడు తీసుకో. పొర తీసి, రంగు వేసి, కవర్ స్లిప్ పెట్టి, మైక్రోస్కోప్‌లో చూసి, రికార్డులో బొమ్మ వేస్తారు. ఒకసారి ఆ బొమ్మలు వరుసగా పెట్టి చూశాను. ముప్పావు వంతు పుస్తకంలో బొమ్మకు నకళ్లు! నిజంగా చూసి గీసిన ఒకబ్బాయి నల్లటి అంచున్న పెద్ద గుండ్రటి గాలిబుడగను శ్రద్ధగా గీసి "కేంద్రకం" అని రాశాడు. నాకు వాడే నచ్చాడు. ఆ రోజు నుంచి రూలు మార్చాను. ముందు కణం ఎలా ఉంటుందో ఊహించి గీయాలి, తర్వాత చూసింది చూసినట్టు గీయాలి, ఆఖర్న పుస్తకం తెరిచి మూడిటికీ తేడాలు రాయాలి. గాలిబుడగలు రెండే వారాల్లో మాయమయ్యాయి.

కబుర్ల గొడవకు ఒక ఉపాయం ఉంది. 1971లో ఇలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి. జీర్ణవ్యవస్థ పాఠాన్ని నాలుగు ముక్కలు చెయ్యి: నోరు, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు. ఒకే ముక్క వచ్చినవాళ్లంతా ముందు ఒకచోట కూర్చుని నేర్చుకోవాలి, తర్వాత ఎవరి గ్రూపుకు వాళ్లు వెళ్లి చెప్పాలి. పక్కవాడి దగ్గర తప్ప ఆ ముక్క ఇంకెక్కడా దొరకదు కాబట్టి వినక తప్పదు. చివర్లో పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లు రాయాలి, గ్రూపు మార్కులు ఇచ్చావంటే మళ్లీ మొదటికే వస్తుంది. గోల ఉంటుంది. పక్క గదిలో టీచర్ తొంగిచూస్తారు. చూడనీ.

సిలబస్ అంటావా, అన్ని పాఠాలకూ ఇంత హంగామా అక్కర్లేదు. వర్గీకరణ, విటమిన్లు, గ్రంథుల పేర్లు లాంటివి నేరుగా చెప్పేసి, మర్నాడు ఐదు నిమిషాల చిట్టి పరీక్ష పెడితే చాలు. పిల్లల మనసులో ముందే తప్పుడు ఊహ పాతుకుపోయిన పాఠాలకే సమయం దాచుకో. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని రాసే క్లాసు నీకూ తగులుతుంది. శ్వాసక్రియ ఇరవై నాలుగు గంటలూ ఉంటుందని చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది, వాళ్లు నమ్మడానికి ఒక పీరియడ్ పడుతుంది. ఆ పీరియడ్ ఖర్చు పెట్టు.

ప్రశ్న: మా వాడు చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం కాదు అన్నారు. వాడికి వేరే పద్ధతిలో చెప్పించాలా?
– ఒక తండ్రి

జవాబు: అక్కర్లేదండీ. రకాన్నిబట్టి బోధిస్తే మార్కులు పెరుగుతాయనడానికి సరైన ఆధారాలు లేవని 2008లో పాష్లర్, ఆయన సహచరులు తేల్చారు. గుండె పాఠానికి బొమ్మ అందరికీ కావాలి, గుండె చప్పుడు వినడం కూడా అందరికీ కావాలి.

ప్రశ్న: నాకు బయాలజీ అంటే పేర్ల లిస్టే. జెనెటిక్స్‌లో 3:1 అని రాస్తాను, మార్కు వస్తుంది, కానీ అదేంటో తెలీదు. నలుగురు పిల్లలు పుడితే ముగ్గురు ఒకలా, ఒకరు ఇంకోలా ఉండి తీరాలా? సార్‌ని అడిగితే నవ్వుతారేమోనని టెన్షన్.
– పదో తరగతి విద్యార్థి

జవాబు: బాబూ, చాలా మంచి ప్రశ్న. మార్కు వచ్చాక కూడా అనుమానం మిగిలిందంటే నీ బుర్ర బాగా పనిచేస్తోందన్నమాట.

పేర్ల సంగతి ముందు. పెద్ద మాట కనిపిస్తే విడగొట్టు. కిరణజన్య సంయోగక్రియ అంటే కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. అంతర్గతం అంటే లోపల దాగినది, పోయినది కాదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే జెనెటిక్స్‌లో సగం భయం పోతుంది.

ఇప్పుడు 3:1. రెండు నాణేలు తీసుకో. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. బొమ్మ పడితే బహిర్గత (పైకి కనిపించే) లక్షణం, బొరుసు పడితే అంతర్గత లక్షణం. రెండూ కలిపి విసురు. ఒక్క బొమ్మ పడినా పైకి బొమ్మే కనిపిస్తుందని రాసుకో, రెండూ బొరుసులైతేనే బొరుసు. నాలుగుసార్లు విసిరితే సరిగ్గా మూడు, ఒకటి వస్తుందా? సగం సార్లు కూడా రాదు. నలుగురు పిల్లల ఇంట్లోనూ అంతే. ప్రతి బిడ్డకూ విసురు కొత్తదే, ముందు పుట్టినవాళ్లు ఎలా ఉన్నారో నాణేలకు తెలియదు.

బఠాణీ మొక్కలతో ఈ లెక్క కనిపెట్టిన మెండెల్‌కు కూడా సరిగ్గా 3:1 రాలేదు. 1866లో అచ్చయిన ఆయన లెక్కల్లో గుండ్రటి బఠాణీ గింజలు 5,474, ముడుతలు పడ్డవి 1,850. భాగించి చూడు, 2.96 వస్తుంది. ఏడు వేల పైచిలుకు గింజలు లెక్కపెట్టాడు కాబట్టి 3 కనిపించింది. నాలుగే లెక్కపెట్టి ఉంటే ఏమీ కనిపించేది కాదు.

నువ్వు వందసార్లు విసిరి రాయి, అరగంట పడుతుంది. మొదటి నాలుగులో ఎంత వచ్చింది, పది పూర్తయ్యాక ఎంత, వంద పూర్తయ్యాక ఎంత అని మూడు అంకెలు వేరుగా రాసుకో. ఆ కాగితం పట్టుకెళ్లి మీ సార్‌ని ఇదే ప్రశ్న అడుగు. నాకూ ఒక కాపీ పంపు.